ఎండిన కాయ చప్పుడు

గిన్నె కిందపడితే నా చెవిలో మేకు దిగినట్టుంటుంది. అందుకే వేరుశనక్కాయలు ఒలిచే ఆడవాళ్లకు దూరంగా, చెవుల్లో దూది పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుంటాను. ఆపరేషన్‌తో ఆ బాధ తగ్గొచ్చు, వినికిడే పోవచ్చు, ఆలోచించుకుని రమ్మన్నాడు అనంతపురం డాక్టరు. ఆలోచించేదేముంది, పోతే పోనీ, పీడ విరగడవుతుందని విసుక్కుంటూ బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి పక్కింటి పెద్దమ్మ గుప్పెడు కాయలతో గడప దగ్గర నిలబడి ఉంది.

"ఎండినాయో లేదో చూడమ్మా. నీ చెవికి తెలిసినట్టు మాకు తెలీదు."

దూది తీసి ఒక కాయను చెవి దగ్గర ఆడించాను. లోపల గింజ గలగలమంది.

"ఎండినాయి పెద్దమ్మా" అన్నాను.

ఆస్పత్రి సంగతి అడుగుతుందేమోనని చూశాను. ఆమె వెళ్లిపోయింది.

కాయలు ఎండే కాలంలో తప్ప నా గడప ఎవరూ తొక్కరు. ఈ చెవి పోతే ఆమె కూడా రాదు.