గడ్డిలో పెట్టిన బ్యాటరీ

మా ఆయన ఇల్లరికం వచ్చిన మనిషి. పుట్టింది బందరు దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళో. నూజివీడులో మా నాన్నది మామిడికాయల వ్యాపారం, నేనేమో ఒక్కదాన్నే కూతుర్ని. అందుకని ఆయనే ఇక్కడికి రావలసి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క వేసవి కూడా సొంత ఊరికి వెళ్ళలేదు. వేసవంటే మాకు సీజను. జనమంతా సెలవులకు ఊళ్ళు తిరిగే రోజుల్లో మేం యార్డులో కాయలు ఏరుతూ కూర్చునేవాళ్ళం. ఆయన అడిగినప్పుడల్లా "సీజను అయ్యాక చూద్దాం లెండి" అనేదాన్ని. సీజను అయ్యాక వానలు, వానల తర్వాత తోటల గుత్తలు. ఆ మాట నా నోటికి అంతగా అలవాటైపోయింది.

తర్వాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. పోయిన ఏడాదికల్లా ఆక్సిజన్ మిషన్ లేకుండా పది అడుగులు వేయలేని స్థితికి వచ్చారు. ముక్కులో ట్యూబు, మంచం పక్కన రోజంతా గురగురమంటూ మిషను. వచ్చే చలికాలం సంగతి చెప్పలేనమ్మా అని డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఇంటికొచ్చాక ఏం కావాలండీ అని అడిగాను. "ఒకసారి సముద్రం చూపించవే" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

మిషను కరెంటు మీద నడుస్తుంది. దారిలో కరెంటు ఎక్కడిది? కుటుంబాలతో సరదాగా ఊళ్ళు తిరిగేవాళ్ళు లోపల మంచం, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు బిగించుకునే వ్యాన్లు ఉంటాయని మా డ్రైవరు చెప్పాడు. విజయవాడలో ఒక షెడ్డులో అలాంటిది పాతది దొరికింది. మంచం కింద ఇనప పెట్టెలో పెద్ద లిథియం బ్యాటరీ. ఆయన మిషను దాని మీద ఆరు గంటలు ఆగకుండా నడుస్తుందని షెడ్డు మేస్త్రీ భరోసా ఇచ్చాడు. "దీనికి వేడంటే పడదమ్మా. పెట్టె చుట్టూ గాలి ఆడాలి. ఎండలో ఉంచి చార్జింగ్ పెట్టకండి" అని కూడా చెప్పాడు. సరేలేవయ్యా అన్నాను. విన్నాను గానీ చెవికెక్కించుకోలేదు. మిషన్ల వాళ్ళందరూ ఇలాగే భయపెడతారని నా నమ్మకం.

ఇంటికి తెచ్చేటప్పుడు గోతుల్లో ఆ బ్యాటరీ పెట్టెలో అటూ ఇటూ కొట్టుకుంది. దబ్‌మన్నప్పుడల్లా నా ప్రాణం పోయినంత పనైంది. నా చేతులకు తెలిసిన విద్య ఒకటే. బంగినపల్లి కాయ నలగకుండా దూరాభారం వెళ్ళాలంటే కింద గడ్డి, పైన గడ్డి, మధ్యలో సందు లేకుండా గడ్డి. బయల్దేరే ముందు రోజు యార్డులోంచి వరిగడ్డి తెచ్చి, ఆ పెట్టెలో బ్యాటరీ చుట్టూ నేనే కుక్కాను. పైన రెండు గోనెసంచులు కప్పాను. "అలా మూసేయొచ్చంటారా అండీ?" అని డ్రైవరు నసిగాడు. "ఇన్నేళ్ళుగా కాయను కాపాడినదాన్ని, ఈ డబ్బాను కాపాడలేనా?" అని అతని నోరు మూయించాను. నిండుగా ఉండాలని వాకిట్లోని ఎండలోనే వైరు లాగి చార్జింగ్ కూడా పెట్టాను.

మర్నాడు చల్లని పూట బయల్దేరాలనుకున్నాం. ఆయన అయిదింటికే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఒక్క లారీ లోడు చూసి వచ్చేస్తానని నేను యార్డుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పదకొండయింది. ఆయన చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయి ఉంది.

హనుమాన్ జంక్షన్ దాటుతుండగా బ్యాటరీ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. మిషను ఒకసారి కీచుమని ఆగిపోయింది. వెంట తెచ్చిన చిన్న సిలిండరు ట్యూబుకు తగిలించాను. డ్రైవరు వ్యాను వెనక్కి తిప్పి, జంక్షనులో ఒక సోడా కొట్టు పక్కన ఆపాడు. కొట్టతను ఏమీ అడక్కుండానే కిటికీలోంచి వైరు అందించాడు. మిషను మళ్ళీ గురగురమంది. అప్పుడు మేస్త్రీకి ఫోను చేశాను.

"పెట్టెలో ఏమన్నా పెట్టారా అండీ?"

"గడ్డి."

"నిప్పంటుకోలేదు, అదే పదివేలనుకోండమ్మా. అది పాడవలేదు. వేడెక్కిపోయి తనంతట తనే ఆగిపోయింది. ముందు ఆ గడ్డి తీసేసి, తలుపులు తెరిచి వదిలేయండి. చల్లబడితే అదే వస్తుంది."

గడ్డిలో చెయ్యి పెట్టాను. మూడో రోజు మామిడిపళ్ళ గది తలుపు తీసి గడ్డి తొలగించినప్పుడు తగిలే వేడే. గడ్డి వేడిని బయటికి పోనివ్వదనే కదా కాయను అందులో మాగేసేది. ఈ సంగతి నాకు తెలియనిదా? నా మీద నాకే ఒళ్ళు మండింది. మా ఆయన మంచం మీద నుంచి చూస్తూ నవ్వారు. "బ్యాటరీని కూడా మాగేశావేంటే? పండితే నాకో ముక్క పెట్టు" అన్నారు. ఆ నవ్వుకు దగ్గొచ్చి చాలాసేపు ఆగలేదు.

నాలుగింటికి పచ్చ లైటు వెలిగింది. "వచ్చేసిందండీ" అన్నాడు డ్రైవరు. సోడా కొట్టు వైరు తీసి చూశాం. మిషను చక్కగా నడుస్తోంది. ఆయన లేచి కూర్చున్నారు.

"ఇప్పుడు బయల్దేరితే పొద్దుగూకేలోపు చూసేస్తాం. ఒడ్డు దాకా వద్దులే, దూరం నుంచి చూసినా చాలు."

"మళ్ళీ ఆగిపోతే? వద్దులెండి, ఇంటికి పోదాం. సీజను అయ్యాక వెళ్దాం."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూశారు. "సరేలే" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. డ్రైవరు వ్యానును నూజివీడు రోడ్డెక్కించాడు.

భయపడ్డానని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో మర్నాటి లోడు కూడా ఉంది. పొద్దున్నే రెండు లారీలు పంపాలి, నేను లేకపోతే కాయ సరిగ్గా ఏరరు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పనక్కర్లేదు, ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఆయన సముద్రం ఊసెత్తలేదు. చివరి లారీ వెళ్ళిన వారానికి పోయారు.

వ్యాను ఇప్పుడు యార్డు వెనక రేకుల షెడ్డు నీడన ఉంది. మేస్త్రీ చెప్పినట్టే రోజూ తలుపులు తెరిచి గాలి తగలనిస్తాను. పెట్టెలో గడ్డిపరక లేదు. ఈ ఎండల్లో కూడా ఆ బ్యాటరీకి ఏమీ కాలేదు. పొద్దున్నే యార్డుకు వెళ్ళేముందు ఒకసారి చూసి వెళ్తాను. పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది. ఆరు గంటలకు సరిపడా చార్జింగ్ ఉంటుంది.