దస్తీ తీసిన చోట

మొన్న ఆదివారం సూర్యాపేట బస్టాండులో జరిగిన నష్టానికి మూలకారణం ఫ్రెంచి భాష అని నా అభిప్రాయం. మా అత్తమ్మ మాత్రం నేనేనంటుంది. సాక్ష్యాలన్నీ ఆమె పక్షాన ఉన్నందువల్ల వాదించను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే తేల్చండి.

మిర్యాలగూడలో మా మరదలి కూతురికి పూలుపండ్లు, అంటే పెళ్ళి ఖాయం చేసుకునే వేడుక. మా ఆవిడ ముందురోజే వెళ్ళిపోయి, అత్తమ్మను తీసుకొచ్చే పని నాకు అప్పగించింది. పొద్దున్నే ఫోన్ చేసి మళ్ళీ హెచ్చరించింది. "అమ్మకు సీటు దొరకాలె. అంత దూరం నిలబడ్డదంటే మోకాలు వాస్తది, ఇగ ఆడ ఎవరూ లేపలేరు. ఈ ఒక్క పని జర సక్కగ చేయుండ్రి."

అత్తమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరాను. అది ఎగిరి, ముగ్గురి సీటులో నడవ వైపు అంచున పడింది. మోకాలు నొప్పి మనిషికి అంతకన్నా మంచి చోటు లేదు. మా దగ్గర పద్ధతి మీకు తెలిసిందే. దస్తీ పడిందంటే ఆ సీటు పట్టా అయినట్టే. ఏ చట్టంలోనూ లేదు గానీ, చట్టాలకన్నా నిక్కచ్చిగా అమలవుతుంది.

తోసుకుంటూ ఎక్కి, సీటు పక్కన కాపలా నిలబడ్డాను. తలుపు దగ్గర రద్దీ తగ్గాక నిదానంగా రమ్మని అత్తమ్మకు ఫోన్‌లో చెప్పాను. ఇక నేను చేయవలసిందల్లా ఏమీ చేయకుండా ఉండడమే.

కిటికీ దగ్గర ఒకాయన, ఆయన పక్కన ఆయన భార్య. కోదాడ వాళ్ళు. ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా.

"కర్చీఫ్ మీదేనాండీ?" అన్నాడాయన.

"నాదే."

"ఈ కర్చీఫ్ అన్న మాట ఇంగ్లీషోళ్ళు మన సంస్కృతం నుంచే తీసుకున్నారంటండి. వాట్సాప్‌లో వచ్చింది."

"ఆధారం ఏమిటి?"

"ఫోటోతో సహా వచ్చిందండి."

ఇక్కడ ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. పాత ఫ్రెంచిలో ఒక మాటకు కప్పడమని, ఇంకో మాటకు తల అని అర్థమనీ, ఆ రెండూ కలిసి ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి కర్చీఫ్ అయిందనీ చెప్పాను. అంటే మొదట అది తలగుడ్డ. దాన్ని చేత పట్టుకోవడం అలవాటయ్యాక ముందు 'హ్యాండ్' తగిలించారు, చేతి తలగుడ్డ అయింది. మెడకు చుట్టుకున్నాక మెడ తలగుడ్డ అయింది. గుడ్డ ఎక్కడికి పోయినా పేరులోంచి తల మాత్రం పోలేదు. ఆ తలే ఆఫీసులో చీఫ్, హోటలు వంటింట్లో షెఫ్. మనం దస్తీ అంటాం, పారసీలో దస్త్ అంటే చెయ్యి. రుమాలు అంటే ముఖం తుడుచుకునేది. ఒకే గుడ్డ, ఒకరికి తల, ఒకరికి చెయ్యి, ఒకరికి ముఖం.

ముందు వరసలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఇంత శ్రద్ధగా విన్న తరగతి లేదు.

గుమస్తా సందేహం వెలిబుచ్చాడు. "ఇంత చిన్న గుడ్డ తలకెట్టా సరిపోద్దండీ?"

న్యాయమైన ప్రశ్న. సీటు మీది దస్తీ తీశాను. మూలకు మూల కలిపి మడిచి, తలమీద కప్పి, గడ్డం కింద ముడి వేసి చూపించాను. సరిగ్గా సరిపోయింది.

అందరికీ చూపించి ఇటు తిరిగేసరికి సీటులో ఒక నడివయసు ఆమె, ఒళ్ళో సంచి పెట్టుకుని స్థిరంగా కూర్చుని ఉంది. వాడపల్లి దాకా పోవాలట.

"అమ్మా, అది మా సీటు."

"దస్తీ ఏది సారూ?"

"నా నెత్తిమీద ఉంది."

"మరి మీరు ఆపుకున్నది నెత్తినే గద. సీటు ఖాళీగ ఉండె, కూసున్న."

గుమస్తా వైపు చూశాను. "తీసింది మీరేగదండీ," అన్నాడు నిష్పక్షపాతంగా.

అప్పుడే అత్తమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సలి పెడుతుందా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"సీటేది?"

నేను నోరు తెరిచేలోపే వాడపల్లి ఆమె అందుకుంది. "మీ అల్లుడా అవ్వా? సీటు మీది దస్తీ తీసి నెత్తికి గట్టుకొని అందరికి పాఠం చెప్తుండె."

"ఇంట్ల గూడ గింతే. ఉప్పు తెమ్మని పంపితే, ఉప్పు మీద ఏ రాజు పన్నేసిండో చెప్పుకుంట ఉత్త చేతులతోటి వస్తడు."

వాడపల్లి ఆమె పకపకా నవ్వి, "జర జరుగమ్మా," అని గుమస్తా భార్యను కిటికీ వైపుకు నెట్టింది. "దా అవ్వా, కూసో." ముగ్గురి సీటులో నలుగురయ్యారు. అత్తమ్మకు దక్కింది జానెడే అయినా మోకాలు గండం గడిచింది. నా ప్రాణం కుదుటపడింది.

బస్సు ఊరు దాటాక వాడపల్లి ఆమె తలెత్తి నన్ను అడిగింది.

"సారూ, మరి సీటన్న మాట ఏడికెళ్ళొచ్చింది?"

మూడు వరసలు నా వైపు తిరిగాయి. నాకు తెలుసు. దానికి ఎన్ని అర్థాలున్నాయో, అది ఏ భాషలోంచి ఇంగ్లీషులోకి వచ్చిందో, అన్నీ తెలుసు. అత్తమ్మ మాత్రం తన జానెడు చోటును రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తోంది.

"తెలియదమ్మా," అన్నాను.

మాటల పుట్టుక విషయంలో నేనాడిన మొదటి అబద్ధం అదే. పూలుపండ్ల ఇంట్లో అత్తమ్మ మా ఆవిడను పక్కకు పిలిచి చెప్పిందట. "నీ మొగునికి తెలివి లేదనుకున్న గని, ఉన్నదే పిల్లా."