భీమయ్య విస్తరి

రాములవ్వ పోని ఊరు లేదు, చూసిన వింత ఒక్కటీ లేదు. మా యూనివర్సిటీ చరిత్ర శాఖ ఏటా చలికాలంలో ఎం.ఏ. పిల్లల్ని టూరుకు తీసుకెళ్లేది. చిన్న చిన్న ఊళ్లలో రోడ్డు పక్కన పడి ఉన్న దిగుడుబావులు, బాటసారులు దిగే పాత సరాయిలు, కోట దర్వాజాలు, యుద్ధంలో చచ్చినవాళ్ల పేరున పాతిన వీరగల్లులు, అదే మా లోకం. లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసే రాములవ్వ మాతో వచ్చేది. బస్సు ఆగగానే లెక్చరర్లం పిల్లల్ని వెంటేసుకుని రాళ్ల వైపు, ఆమె బిందె పట్టుకుని నీళ్ల వైపు. మేం తిరిగొచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. తినడం, బస్సెక్కడం, మరో ఊరు.

ఆమె పెనిమిటి భీమయ్యకు మాత్రం ఆ రాళ్లంటే తగని మోజు. తార్నాక చౌరస్తాలో రిక్షా తొక్కేవాడు. మా ఇల్లూ అటే కాబట్టి సామాన్లు తెచ్చుకున్నప్పుడల్లా అతని రిక్షాయే ఎక్కేదాన్ని. "మేడం, గాడ ఏముంటయి? యాడికెళ్లో పోరగాళ్లు వస్తరట గద చూడనీకి?" అని వెనక్కి తిరిగి తిరిగి అడిగేవాడు. "ముందు చూసి తొక్కవయ్యా బాబూ, ఇద్దరం పోతాం!" అని కసిరేదాన్ని. టూరు బయల్దేరే పొద్దున గిన్నెలన్నీ అతనే రిక్షాలో తెచ్చి బస్సులోకి ఎక్కించేవాడు. ఎక్కించి, దిగడానికి మనసొప్పక మెట్టు మీదే నిలబడేవాడు.

"నన్ను గూడ తోల్కపోరాదే" అనేవాడు పెళ్లాంతో.

"దిగు దిగు. ఏమున్నది గాడ, రాళ్లు" అనేది ఆమె.

ఇంటికెళ్లాక "ఏం జూసినవ్, చెప్పు" అని పక్కన చేరేవాడట. ఏం చెబుతుంది పాపం, పొయ్యి తప్ప ఏం చూసింది గనక!

తొంభై మూడు వానాకాలంలో జ్వరం తగిలి, ఏ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలో తేల్చుకునేలోపే భీమయ్య పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తే. ముట్టకపోతే మనిషికేదో కోరిక మిగిలిపోయిందని లెక్క. నేనూ వెళ్లాను. బౌద్ధనగర్‌లో వాళ్లుండే అద్దెగదుల మిద్దె మీద కోడిగుడ్ల పులుసు, పచ్చిపులుసు, కల్లు సీసా పెట్టారు. కాకులు గోడ మీద వాలాయి, చూశాయి, పోయాయి. బంధువులు ఒక్కొక్కరే దండం పెట్టి, "నీ పెండ్లాన్ని మేం జూస్కుంటం", "నీ రిక్షా ఖరాబు గానియ్యం" అని మాటిచ్చారు. ఊహూఁ. చివరికి సీతాఫల్‌మండిలో ఎవరిదో ఆవు దొరికితే దానికి పెట్టి, అందరూ అన్నాలు తిన్నారు. రాములవ్వ తినలేదు. ఏడవనూ లేదు.

ఆ తర్వాత మామూలుగానే మెస్సుకు వచ్చింది, మామూలుగానే వండింది. కూరలో కారం ఎక్కువైందంటే తలూపేది, తక్కువైందన్నా తలూపేది. పలకరిస్తే "ఆఁ" అనేది. నాకు మొదట జాలేసింది. రాను రాను ఒళ్లు మండింది. "ఒక్కసారి ఏడువు తల్లీ, గుండె బరువు దిగుతుంది" అన్నాను.

"వస్తలేదు మేడం" అంది, నల్లా నీళ్ల సంగతి చెప్పినట్టు.

జనవరిలో టూరుకు బయల్దేరాం. గిన్నెలు ఆమే మోసుకొచ్చింది. వరంగల్ రోడ్డు మీద ఒక చిన్న ఊళ్లో బస్టాండు పక్కనే దిగుడుబావి, దాని ఒడ్డున వరసగా వీరగల్లులు. మా ప్రొఫెసర్ శ్రీనివాసరావు గారు ఒక్కో రాయి దగ్గరా ఆగి, కత్తి ఎటు తిరిగిందో, గుర్రం కాలు ఎందుకెత్తిందో చెప్పి చెప్పి మా ప్రాణాలు తోడేశారు. కాళ్లీడ్చుకుంటూ బస్సు దగ్గరకొస్తే అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంది. బావిగట్టు మీద ఒక విస్తరి, అందులో అన్నం, కోడిగుడ్ల పులుసు, పచ్చిపులుసు. రాములవ్వ గరిటె ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"వడ్డించు రాములవ్వా, పేగులు అరుస్తున్నాయి."

"ఆగున్రి మేడం. పిట్ట ముట్టలే."

"ఏంటమ్మా ఇది? భీమయ్య పోయి ఇన్నాళ్లయ్యాక?"

"గప్పుడు ముట్టలే గద. ఆయనకు గీడికి రావాల్నని ఉండె. ఏండ్ల సంది అడిగిండు, నేనే రానియ్యలే. గందుకే గీడ పెట్టిన." ఆ గొంతులో కోపం లేదు, బాధ లేదు, ఏమీ లేదు.

"మరి పిల్లలు తినొద్దా?"

"పిట్ట ముట్టనిది ఎవ్వలు తినొద్దు."

అంతే, గరిటె ఇవ్వదు. శ్రీనివాసరావు గారు విసురుగా వచ్చారు, సంగతి విన్నారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కాసేపు చూద్దాంలెండి" అని నీడకు పోయారు. కాకులు లేవా అంటే బోలెడున్నాయి. మిర్చిబండి రేకు మీద, కరెంటు తీగల మీద. ఒక్కటీ దిగదు. దిలీప్ అనే విద్యార్థి విస్తరి ముందు నిలబడి దండం పెట్టాడు. "తాతా, ఇగో బావి, ఇగో వీరగల్లు. మంచిగ జూడు" అన్నాడు. ఎవరో నవ్వబోయి మానేశారు. పొద్దు వాలింది. ఒక ఆడపిల్ల కళ్లు తిరుగుతున్నాయంటూ బస్సు మెట్టు మీద కూలబడింది.

రాములవ్వ ఆ పిల్ల వైపు చూసింది. లేచి, "రాండ్రి, తిందురు" అని మూత తీసింది.

ఎవరికీ ముద్ద దిగలేదని రాయాలని ఉంది గానీ అబద్ధం. ఆవురావురుమని తిన్నాం. ఎంగిలి విస్తర్లు బావి అవతల కుప్పగా పడేశామో లేదో, కాకులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి! గట్టు మీద భీమయ్య విస్తట్లో అన్నం ఎండిపోతోంది. నాకు ఎంత మంటెత్తిందంటే, వాటి మీద విసరడానికి రాయి తీశాను.

"కొట్టకున్రి మేడం" అంది రాములవ్వ. కాసేపు ఆ కుప్పనే చూసింది. "ఆయనకు ఒక్కనికే పెట్టిన. నా బుద్ధి గడ్డి మెయ్య! గీళ్లందరి తోని వస్తనన్నడు గాని, ఒక్కడే వస్తనన్నడా?"

విస్తరి రెండు చేతులా ఎత్తింది. పోయినవాళ్లకు పెట్టిన అన్నం దరిదాపులకు ఎంగిలి రానివ్వరు. ఆమె తిన్నగా వెళ్లి ఎంగిలాకుల నడుమ, దిలీప్ తిన్న విస్తరి పక్కనే పెట్టి, వెనక్కి జరిగింది. ఒక కాకి గెంతుతూ వచ్చింది. తల అటు వంచింది, ఇటు వంచింది. కోడిగుడ్డు మీద ముక్కు పెట్టింది.

"ఎంత పని జేస్తివయ్యో, నన్ను ఇడిసి ఎట్ల పోతివయ్యో!" అని రాములవ్వ అక్కడే మట్టిలో కూలబడి, రాగం తీసి ఏడ్చింది. బస్టాండులో జనం లేచి చూశారు. చూడనీ, వాళ్ల సొమ్మేం పోయింది! నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

వెక్కిళ్లు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది. "మేడం, ఆకలైతున్నది. జెర బువ్వ పెట్టున్రి" అంది.

గిన్నెలో మాడు తప్ప ఏమీ మిగల్లేదు. గరిటెతో గీకి, అడుగున ఉన్న పులుసు పోసి పెట్టాను. మెతుకు వదలకుండా తిని, మారు అడిగింది.