జామాయిల్ తోటలో అడవి వీరుడు

కాగితం మీద ఉన్న ఒక వీరుణ్ణి బాగుచెయ్యబోయి, నడి కోతల్లో మా మావయ్య చేలో పని ఆపించి, ఊరు ఊరంతా ట్రాక్టరెక్కి నన్ను వెతుక్కునేలా చేసిన ఘనుణ్ణి నేను. ఇంత ఘనకార్యం చెయ్యడానికి నాకు పట్టింది ఒక్క పూట. ఎలా చేశానో చెబుతాను, ముందే నవ్వకండి, నవ్వాల్సిన చోటు ముందుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాది. కాలేజీలో చేరిన కొత్తల్లోనే హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం జిరాక్సు కాపీ దొరికింది. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో తలా ఒక పాత్ర తీసుకుని "నేనిది చేస్తాను, నేనది చేస్తాను" అంటారు, జరిగిందా లేదా అనేది పాచిక తేలుస్తుంది. కథ చెప్పేవాణ్ణి మేం ఆట పెద్ద అనేవాళ్ళం. ఆ పెద్దరికం, అడగకుండానే, నాదే. పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక చిలకలూరిపేటలో ఏ కొట్లోనూ దొరకలేదు కాబట్టి, హౌసీ బిళ్ళల్లోంచి ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి స్టీలు చెంబులో వేసి గలగల్లాడించి తీసేవాళ్ళం.

ఆడేవాళ్ళు ఇద్దరే. మా పిన్ని కూతురు సుజాత, ఆవిడ మంత్రగత్తె. బయట కూడా పెద్ద తేడా లేదు. రెండోవాడు మస్తాన్, నా ఒకటో తరగతి స్నేహితుడు. వాళ్ళ నాన్నకు హైవే పక్కన టైర్ల షాపు, ఆ షాపు మీది గదిలోనే ఆదివారం మధ్యాహ్నాలు మా ఆట. మస్తాన్ది అడవి వీరుడి పాత్ర. ఏడాదిన్నర నుంచి ఆ వీరుణ్ణి కన్నకొడుకులా పెంచుకొస్తున్నాడు. విల్లు కొనిపెట్టాడు, కుక్కను మచ్చిక చేశాడు, నోట్‌బుక్కు అట్ట మీద వాడి బొమ్మ కూడా గీశాడు.

ఒక ఆదివారం వాడు చెంబు పక్కకి నెట్టేశాడు.

"ఒరేయ్ ప్రసాదూ, నేనింక ఆడన్రా."

"ఏందిరా, ఏమైంది?"

"నా వాడు అడవిలోనే గొప్పోడు. నీ కథలో అడవి ఏదిరా? ఎప్పుడు చూడు కోటలు, నేలమాళిగలు. నేను చేసేదేంది? సుజాత మంత్రాలేస్తంటే టార్చి పట్టుకోవటం. దీనికంటే మిల్లు గ్రౌండుకు పోయి క్రికెట్టాడుకుంటే నయం."

వాడు పోతే మిగిలేది సుజాత, నేను. ఇద్దరితో ఆట ఏముంటుంది? అసలు సంగతి చెప్పొద్దూ, మస్తాన్ లేని ఆదివారం నాకు ఊహకే అందలేదు. "ఒక్క వారం ఆగు. అడవి వీరుణ్ణి మొత్తం తిరగరాస్తాను. చూసి నువ్వే దండం పెడతావు" అన్నాను.

వారం రోజులు క్లాసులు ఎగ్గొట్టి రాశాను. లాంగ్‌ నోట్‌బుక్కులో నలభై పేజీలు, ఎర్ర సిరాతో హెడ్డింగులు. అడవి వీరుడు చెట్టు మీద పాచి ఏ వైపు ఉందో చూసి ఉత్తరం కనిపెడతాడు. పశువుల జాడ పట్టి నీటి దగ్గరికి చేరతాడు. ఎవరినీ సాయం అడగడు. శత్రువు వెంటపడకుండా ఎప్పుడూ నేరుగా నడవడు, వంకరటింకరగా నడుస్తాడు. అన్నిటికన్నా పైన, రెండు గీతలు కొట్టి మరీ రాసిన నియమం: అడవి వీరుడు ఎన్నడూ దారి తప్పడు.

సుజాత నోట్‌బుక్కు అటూ ఇటూ తిప్పింది. "అన్నయ్యా, నువ్వు అడవి ఎప్పుడు చూశావు?"

"చూడాలా? చదివాను."

"అడవి సంగతలా ఉంచు, మనింటి వెనక సందులో తిన్నగా నడిచావా ఎప్పుడన్నా?"

మస్తాన్ అందుకున్నాడు. "సరేరా, పందెం. నీ రూల్సు నిజంగా పనిచేస్తే నేనెక్కడికీ పోను, చచ్చేదాకా నీ ఆటే ఆడతా. అడవిలోకి నువ్వే పోయి, నీ రూల్స్‌తోనే ఇవతలికి రా. రాలేకపోతే ఆట పెద్దరికం నాది."

పౌరుషం ఎంత చెడ్డదో మీకు వేరే చెప్పాలా? "సై" అన్నాను.

ఇప్పుడు అడవి కావాలి. పత్తి, మిరప, పొగాకు పండే మా వైపు అడవి ఎక్కడుంది? బాగా ఆలోచించగా అద్దంకి దగ్గర మా మావయ్య వాళ్ళ ఊరు గుర్తొచ్చింది. ఆయన మిరప చేను పక్కనే ఎకరాలకెకరాలు జామాయిల్ తోట ఉంది. కాగితం మిల్లులకు కొట్టి పంపే చెట్లు. చెట్లుంటే అడవే కదా అని తీర్మానించాను. ఇలాంటి తీర్మానాలు చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు.

మరుసటి ఆదివారం ముగ్గురం బస్సు దిగేసరికి మావయ్య చేలో కోత మంచి ఊపులో ఉంది. కూలీలు సాళ్ళల్లో వంగి పండుకాయలు తెంపుతున్నారు. మావయ్య తలపాగా సర్దుకుంటూ, "ఏరా అల్లుడూ, ఉన్నట్టుండి ఊడిపడ్డారు?" అన్నాడు.

"పరిశోధన, మావయ్యా."

"దేని మీద?"

"వీరుడి మీద."

ఆయన నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసి, "సరే, అన్నం వేళకి వచ్చెయ్యి" అని చేలోకి వెళ్ళిపోయాడు.

మస్తాన్, సుజాత గట్టున కూర్చున్నారు. నేను నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని తోటలోకి నడిచాను. నేరుగా కాదు సుమండీ, రూలు ప్రకారం. కుడికి పది అడుగులు, ఎడమకి పదిహేను, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ, మళ్ళీ కుడికి. శత్రువెవరైనా వెంటపడి ఉంటే వాడికి కళ్ళు తిరిగేవి. శత్రువు లేడు కాబట్టి నాకు తిరిగాయి.

కాసేపటికి ఆగి వెనక్కి చూస్తే గట్టు లేదు, చేను లేదు. ఎటు చూసినా ఒకే లావు, ఒకే ఎత్తు తెల్లటి చెట్లు. భయమేముంది, పాచి ఉందిగా అనుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాను. జామాయిల్ చెట్టుకు బెరడే పొరలు పొరలుగా ఊడి పడుతుంటే పాచి ఎక్కడ పడుతుంది? పోనీ సూర్యుణ్ణి చూద్దామంటే సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. ఇంక మిగిలింది పశువుల జాడ. అదృష్టం బాగుండి మేక పెంటికలు కనిపించాయి. వాటి వెంట పడ్డాను. నీరు కాదుగానీ మేకలే కనిపించాయి, వాటి వెనక కర్ర పట్టుకుని ఒక ముసలావిడ.

"ఎవరబ్బాయా నువ్వు? ఎవురి తాలూకు?"

మావయ్య పేరు చెప్పాను.

"ఓహో, ఆయన అల్లుడివా? మీ అమ్మ బాగుందా? ఇంతకీ ఈడేం జేస్తన్నావు? తప్పిపోయావా?"

ఒక్క "అవును" అంటే అయిపోయేది. కానీ అడవి వీరుడు సాయం అడగడు. స్వహస్తాలతో రాశాను. చంకలోని నోట్‌బుక్కు తీసి తెరిచాను.

"లేదు పెద్దమ్మా. చెట్లు చూస్తున్నా."

"చెట్లు జూసేదేందయ్యా? కొలతలా?"

"ఆఁ... అట్లాంటిదే."

"మరి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావే?"

ఆవిడ నా మొహం మరోసారి పరీక్షగా చూసి, "జాగర్త నాయనా, ఆ దాపున నేలబావి ఉంది, దానికి గోడ లేదు" అని మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది. 'ఆ దాపున' అంటే ఏ దాపునో అడుగుదామని నోటిదాకా వచ్చింది. పౌరుషం మింగేసింది. ఆ తర్వాత నేను వేసిన ప్రతి అడుగూ ముందు కాలి బొటనవేలితో నేల తడిమి వేసిందే. నిజం ఒప్పుకుంటున్నాను, ఏడుపొచ్చింది. కాస్త ఏడ్చాను కూడా.

ఆవిడ ఊళ్ళోకి పోయి ఊరుకుందా? "ఫలానా ఆయన అల్లుడు జామాయిల్లో నేలబావి దాపున చెట్లు తడుముకుంటా తిరగతన్నాడు, పిల్లోడికి మతి బాగలేనట్టుంది" అని రచ్చబండ దగ్గర చెప్పింది. అంతే, చేలో కోత ఆగింది. కూలీలు చీరకొంగులు బిగించి తోట కేసి బయల్దేరారు. మావయ్య ట్రాక్టరు తీశాడు. బావి మాట వినేసరికి మస్తాన్ మొహంలో నెత్తురు లేదట, తర్వాత సుజాత చెప్పింది. వాడు పరుగెత్తుకెళ్ళి రామాలయం మైకు పట్టుకున్నాడు.

తోటలో కూలబడి ఉన్న నాకు గరగరమంటూ ఆ గొంతు వినిపించింది.

"ఒరేయ్ ప్రసాదూ! నేన్రా, మస్తాన్ని! కదలమాకు, కదిలినా బావి చూసుకుని కదులు! పందెం లేదు గిందెం లేదు, నేనే ఓడిపోయాన్రా! ఈ గొంతు వినపడే వైపు రారా, నీకు దణ్ణం పెడతా!"

ఊరి మొత్తానికీ వినపడేలా వాడు ఓటమి ఒప్పేసుకున్నాడు. ఆ మాటతో నాకు ఎక్కడలేని బలం వచ్చి, గొంతు వినపడే వైపు నడిచాను. ఈసారి నేరుగా. మైకులో వాడు నా పేరు నాలుగోసారి పిలిచేలోపే గట్టు మీద ఉన్నాను.

కూలీలంతా "దొరికాడు, దొరికాడు" అని ఒకటే నవ్వు. మస్తాన్ పరుగెత్తుకొచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు, వదలగానే వీపు మీద ఒక్కటిచ్చాడు. మావయ్య ట్రాక్టరు దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏరా, తోటలో చెట్లు ఎట్టా వేస్తారో తెలుసా?"

"తెలీదు మావయ్యా."

"సాళ్ళుగా వేస్తార్రా! ఒక సాలు పట్టుకుని నేరుగా నడిస్తే ఎటు పోయినా బయటికే వస్తావు. మేకపిల్లకి తెలుసు ఆ సంగతి! వంకరగా నడవమని ఎవడు చెప్పాడు నీకు?"

చంకలో నోట్‌బుక్కు వెనక్కి దాచుకున్నాను.

అయినా బుద్ధి రాలేదు. అన్నాలు తింటుండగా, "అయితే పందెం నాదే. మస్తానే ఒప్పుకున్నాడు" అన్నాను.

"మైకు విని వచ్చినోడివి, నీదేందిరా?" అని మస్తాన్ లేచాడు. ఇద్దరం విస్తళ్ళ ముందే కీచులాడుకున్నాం. సుజాత మజ్జిగ పోసుకుంటూ తీర్పు చెప్పింది.

"మైకు రూల్సులో లేదు కాబట్టి అన్నయ్య ఓడాడు. మైకులో ఒప్పేసుకున్నాడు కాబట్టి మస్తాను ఓడాడు. అందుకని ఇకనుంచి ఆట పెద్దను నేను."

ఇద్దరం విస్తళ్ళు ఆవిడ ముందుకు జరిపి మజ్జిగ పోయించుకున్నాం.

తర్వాతి ఆదివారం ఆవిడ నా నలభై పేజీలూ కొట్టేసి, అడవి వీరుడికి ఒకే ఒక్క విద్య రాసుకొచ్చింది: "ఆటకొకసారి అడవి వీరుడు ఎక్కడైనా తప్పిపోవచ్చు. తప్పిపోతే ఊరంతా కదిలొస్తుంది." ఆ రోజు రాక్షసుడి కోట ముందు చావు తప్పదనుకున్న క్షణంలో, మస్తాన్ కాళ్ళు బారజాపుకుని, "నేను తప్పిపోతన్నా" అన్నాడు. అంతే. ట్రాక్టరు, కోత కూలీలు, మేకలతో సహా ముసలావిడ కోట మీద పడ్డారు. రాక్షసుడు వెనక గోడ దూకి పారిపోయాడు. ఆ విద్యను మించింది మా ఆటలో మళ్ళీ పుట్టలేదు. మస్తాన్ మళ్ళీ క్రికెట్ మాటెత్తలేదు. నేను ఆరు నెలలు బతిమాలినా ఆ పాత్ర నాకు ఇవ్వనూలేదు.

కాబట్టి, చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంటితో చూడని అడవికి ఇక ఈ జన్మలో వీరుణ్ణి తయారుచెయ్యను. సాలు వదిలి అడుగు పక్కకి వెయ్యను. కర్ర పట్టుకున్న ఏ ముసలావిడైనా ఎదురొచ్చి "తప్పిపోయావా?" అని అడిగితే, మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, "అవును పెద్దమ్మా" అనే అంటాను.