ఎదురింటి గేటు దగ్గర ఎర్ర గుడ్డు

మా ఇంట్లో ఈస్టర్ అంటే పసుపు, సున్నం, మైదా. నరసాపురంలో మిషన్ దొరసానుల దగ్గరికి లేసు అల్లడానికి వెళ్ళిన మా అమ్మమ్మ, కూలితో పాటు రెండు విద్యలు కూడా ఇంటికి తెచ్చుకుంది. ఒకటి కోడిగుడ్లకు రంగు వేయడం, రెండోది ఎండుద్రాక్ష వేసిన తియ్యరొట్టె కాల్చడం. దొరసానుల రంగుపొడి ఆవిడకెవరిస్తారు? గుడ్లను పసుపునీళ్ళలో ఉడికించి సున్నపుతేటలో ముంచేది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి రంగు తేలేది. రొట్టెకేమో పెద్ద తపేలా అడుగున ఇసుక పోసి, అందులో పిండి గిన్నె దించి, మూత మీద నిప్పులు వేసేది. అమ్మదీ అదే పద్ధతి. నేను ఓవెన్ కొనిస్తే అందులో పప్పుల డబ్బాలు పెట్టుకుంది.

ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. ఇంటికి రాగానే తలా ఒక గుడ్డు, ఒక రొట్టె ముక్క. మొదటి ముక్క మాత్రం ఎదురింటి అత్తయ్యగారికి వెళ్ళాలి. పూజ కానిదే కాఫీ కూడా ముట్టని మనిషి ఆవిడ. ఆ ఒక్కరోజు మాత్రం పూజ కాస్త తొందరగా అయిపోతుంది. ఆవిడా అమ్మా ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకోబట్టి నలభై ఏళ్ళు.

ఈ ఏడు హైదరాబాదు నుంచి మా చెల్లెలి పిల్లలు వచ్చారు. గుడ్లు ఊరికే తినకూడదట, దాచిపెట్టి వెతుక్కోవాలట. ఫోన్లో చూశారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేధావిని కదా, దాచే పని నాకు అప్పగించారు. పన్నెండు గుడ్లలో పదకొండుకే మా పెరడు నిండిపోయింది. పన్నెండోది ఎదురింటి గేటు పక్కన కనకాంబరం కుండీ వెనక పెట్టాను. పిల్లలు పదకొండు ఏరుకొచ్చారు. ఇంకొకటేదని అడిగితే కాకి ఎత్తుకుపోయి ఉంటుందన్నాను. నిజం చెప్పాలంటే, ఎక్కడ పెట్టానో మరిచిపోయాను.

సోమవారం పొద్దున్నే అత్తయ్యగారి కేక వినగానే గుర్తొచ్చింది.

కళ్ళాపి చల్లడానికి వచ్చిన ఆవిడకు కుండీ వెనక పసుపు మరకలతో ఎర్రటి గుడ్డు కనిపించింది. పైగా ముందు రాత్రి ఆవిడ మూడు నెలల మనవడికి జ్వరం. వీధి వీధంతా పోగైంది. చేతబడే అని ఒకరు, దిష్టి తీసి పడేశారని ఇంకొకరు. దేనికైనా అమావాస్య ఉండాలి కదా, పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులు కాలేదే అని ఒక్కరికీ తోచలేదు.

"నిన్న సాయంత్రం మా తోడికోడలు వచ్చి వెళ్ళింది. ఇంకెవరు పెడతారండీ?" అంది అత్తయ్యగారు.

ఆ తోడికోడలు పక్కవీధిలోనే ఉంటుంది. గోడ తగువుతో ఇద్దరికీ ఆరేళ్ళు మాటల్లేవు. ఈ పిల్లాడి బారసాలకే మళ్ళీ కలిశారు. అందరూ చూస్తుండగా అత్తయ్యగారు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, "ఇంక మా గుమ్మం తొక్కకు" అంది. అవతలి నుంచి "అక్కయ్యా, ఏంటి ఆ మాట?" అని వినిపించింది. ఆ తర్వాత ఏడుపు.

నేను మా గేటు లోపల పళ్ళు తోముకుంటూ నిలబడ్డాను. నోట్లో నురగ ఉంది. మాట్లాడకపోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అమ్మ నా మొహం వంక ఒక్కసారి చూసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటింది.

"వదినగారూ, అది మా ఈస్టర్ గుడ్డండి. మావాళ్ళే పెట్టారు."

"మీ మంచితనం నాకు తెలియదేంటండీ? మా తోడికోడల్ని వెనకేసుకురాకండి. మీ గుడ్డుకు కాళ్ళొచ్చి మా గేటు దగ్గరికి నడిచిందా?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. బ్రష్ తీసి ఉమ్మేసి మాట్లాడవచ్చు. కానీ వీధిలో సగం మంది నా పాత విద్యార్థులు. గుడ్డు దాచి మరిచిపోయిన లెక్చరర్ని వాళ్ళు ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటారో లెక్కవేసుకుంటూ నిలబడిపోయాను.

అమ్మ ఆ గుడ్డు తీసి, గేటు స్తంభానికి కొట్టి, పెంకు ఒలిచి, అందరి ముందూ తినేసింది. ఒక పగలూ ఒక రాత్రీ ఏప్రిల్ ఉక్కలో ఉన్న గుడ్డది. "ఉమ్మేయండి వదినగారూ!" అని అత్తయ్యగారు అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ మింగేసి మంచినీళ్ళు అడిగింది.

నిజం రుజువైపోయేదే. మధ్యాహ్నానికి అమ్మకు వాంతులు పట్టుకోకపోతే.

రెండు రోజులు అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉండి మజ్జిగ అన్నం కలిపి పెట్టింది. "మా పిల్లాడి కీడంతా మీరు మింగేశారు" అంటూ కళ్ళొత్తుకుంది. పిల్లాడి జ్వరం కూడా అదే రోజు తగ్గి ఆవిడ మాటను బలపరిచింది. అప్పుడు చెప్పాను, గుడ్డు పెట్టింది నేనేనని. "అమ్మ మాట నిలబెట్టడానికి అబద్ధమాడుతున్నావా బాబూ" అని నా తల నిమిరింది. నాకు నిజంగా సిగ్గేసింది.

అమ్మ లేచి తిరగగానే మళ్ళీ తపేలాలో ఇసుక పోసింది. రొట్టె కాల్చి, గిన్నె నా చేతికిచ్చి, "పక్కవీధికి వెళ్ళు. నువ్వే వెళ్ళు" అంది.

తోడికోడలు అరుగు మీద మునగాకు దూస్తోంది. వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. రొట్టె గిన్నె పక్కన పెట్టి, జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఆకు దూయడం ఆపలేదు.

"ఆ పొద్దున మీరు అక్కడే ఉన్నారా?"

"ఉన్నానండి."

"అక్కయ్య ఫోన్ స్పీకర్లో పెట్టిందట కదా. నేను ఏడవడం వినపడిందా?"

"వినపడిందండి" అన్నాను.

ఆవిడ రొట్టె గిన్నెను తిరిగి నా వైపే నెట్టింది.