ఐసక్క ఎంచుకున్న బండి

రేవు పక్కనున్న చేపల మార్కెట్లో అందరూ ఆమెను ఐసక్క అనేవారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా ఓ క్షణం ఆలోచించి గానీ పలికేది కాదు. నిలువెత్తు ఐసు దిమ్మను తొడకు ఆనించుకుని, చిన్న గునపంతో ఒక్క పోటు పొడిచి రెండుగా చీల్చేది. మాట కూడా అలాగే ఉండేది. ఎదుటివాడికి ఒకే పోటు, రెండు ముక్కలు.

మొగుడు దర్జీ. ఆయన గొంతు దారప్పోగంత సన్నం. "మా ఇంట్లో సూది నాది, గునపం మా ఆవిడది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వేవాడు. కుట్టు దుకాణం మీదున్న రెండు గదుల్లో వాళ్లిద్దరూ, ముగ్గురు పిల్లలూ, మోకాళ్లు అరిగిపోయినా నోరు అరగని అత్తగారూ, ఐసు పనిలో చేదోడుగా ఉండే మరిదీ కాపురం. మొత్తం ఏడుగురు. మేడమెట్ల మీద ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కడానికి వీలుండేది కాదు.

ఐసు ఫ్యాక్టరీ ఊరికి అవతలి కొసన ఉంది. మధ్యలో పెద్ద మెరక. సరుకు ఆ మెరక ఎక్కి దిగాలంటే టెంపో స్టాండు వాళ్ల బండ్లు తప్ప గతి లేదు. ఆ స్టాండు పెద్దను అందరూ గొలుసు అనేవారు. చేతికి ఎప్పుడూ ఇనప గొలుసు చుట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మనిషి మంచివాడే అనేవాళ్లూ ఉన్నారు, కాకపోతే వాళ్లంతా దూరంగా ఉండి అనేవాళ్లు. ఒకసారి ఒకడు తోపుడుబండి మీద సొంతంగా రెండు దిమ్మలు తెచ్చుకున్నాడు. వాడి కాలు ఇప్పటికీ పక్కకే తిరిగి ఉంటుంది.

ఓ మండుటెండ పూట ఐసక్క సరుకు బయలుదేరింది. టెంపో వెనక దిమ్మల మధ్య మరిది నిలబడ్డాడు. ముందు డ్రైవరూ, డ్రైవరు స్నేహితుడూ కూర్చున్నారు. మెరక దిగుతుండగా ఇంకో టెంపోతో పందెం వేసుకుని, మలుపులో ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు డ్రైవరు. దిమ్మలన్నీ కదిలి ముందుకు జారాయి. మరిది ఎడమ చెయ్యి దిమ్మకీ ఇనప రేకుకీ మధ్య ఇరుక్కుంది. రేకు మీద పడ్డ నెత్తురు ఐసు నీళ్లలో కలిసి రోడ్డు మీదికి కారింది. వాడి కేక విని డ్రైవరు బండి ఆపాడు. చూశాడు. గొలుసుకు ఫోన్ చేశాడు.

"ఐసు కరిగిపోతోంది కదరా! వాణ్ణి అక్కడే దింపేసి రా" అన్నాడు గొలుసు.

దింపేశారు. కూరగాయలమ్మే మనిషొకడు తన బండి మీది గంపలన్నీ రోడ్డున పారబోసి, మరిదిని దాని మీద పడుకోబెట్టి ఆసుపత్రిదాకా తోసుకెళ్లాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. రెండు వేళ్లూ, అరచేతిలో ఓ పక్కా తీసెయ్యాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే ఐసక్క స్టాండుకు వెళ్లింది. గొలుసు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"చెయ్యి పోయిందట కదా. పోనీలే, తలకాయ ఉందిగా" అన్నాడు.

ఐసక్క వాడి చొక్కా పట్టుకుని కుర్చీతో సహా కింద పడేసింది. వాడు లేస్తూనే గొలుసు చుట్టిన పిడికిలితో ఆమె దవడ మీద కొట్టాడు. నోట్లో ఏదో విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ కదల్లేదు. ఆమె నోట్లోంచి పన్ను తీసి చూసుకుని, కొంగున ముడేసుకుని ఇంటికి నడిచింది.

వాచిన మూతితో ఆమె మాట్లాడలేకపోతుంటే అత్తగారే మాట్లాడింది. "ఇక వాడి టెంపో ఎక్కేది లేదు. మనమే బండి కొందాం. ఐసును లాగాలి. మనిషి పడితే పడుకోబెట్టి తీసుకెళ్లడానికి చోటుండాలి."

"లారీ కొంటే మనమెక్కడ కూర్చుంటాం? కారు కొంటే ఐసెక్కడ కూర్చుంటుందే అమ్మా?" అన్నాడు దర్జీ.

"రెండూ కూర్చునేది ఉండదా, ఇంత లోకంలో?"

వెతకడానికి ఏడుగురూ కలిసే వెళ్లారు. షోరూములో వాళ్లను చూసి సేల్స్ అమ్మాయి పెళ్లివారేమో అనుకుంది. మొదట ఓ తెల్లటి బండి చూపించింది. పైకప్పు అద్దం తెరుచుకుంటుంది, ముందు టీవీ అంత తెర ఉంది. పిల్లలకు ప్రాణం లేచి వచ్చింది. ఐసక్క అత్తగారిని తీసుకెళ్లి చిట్టచివరి వరసలో కూర్చోబెట్టింది. ముసలామె మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఇది కూర్చోబెట్టడమా, మూట కట్టడమా?" అని లోపల్నుంచి అరుపు వినబడింది.

"అక్కడ చిన్నపిల్లలే పడతారు బామ్మా. బరువు లాగడానికి కూడా ఇది పనికిరాదు" అని ఆ అమ్మాయి ఉన్నమాటే చెప్పేసింది.

తర్వాత వెనక తొట్టి ఉన్న బండి చూశారు. ఏనుగంత సత్తువ. కానీ కూర్చునేది ఐదుగురే. "ఇద్దరం తొట్టిలో నిలబడతాం వదినా" అన్నాడు మరిది. ఐసక్క వాడి కట్టు కట్టిన చేతివైపు చూసింది. "నువ్వు నిలబడింది చాలు" అంది.

మూడోది మూలన దుమ్ము పట్టి ఉంది. ఎత్తైన డీజిల్ బండి. మొహం మొరటుగా, తలుపులు బరువుగా ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్లందరినీ వంగి కిందకి చూడమంది. లారీకి ఉన్నట్టే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు ఇనప దూలాలు. మధ్య సీటు ముందుకు మడిస్తే అత్తగారు మెట్టు ఎక్కినట్టు ఎక్కి, వెనక వరసలో కాళ్లు చాపుకుంది. ఎవరూ ఏమీ అడక్కముందే, "ఇది చాలు" అని కళ్లు మూసుకుంది.

"వెనక ఐసు ట్రాలీ తగిలిస్తే ఎంత లాగుతుందమ్మా?" అని అడిగింది ఐసక్క.

ఆ అమ్మాయి లెక్క చెప్పింది. ఐసక్క మొహం వెలిగింది. "అయితే ఏడుగురం ఎక్కి, ట్రాలీ నిండా..."

"ఆగక్కా. అది డ్రైవరొక్కడే ఉంటే లాగే బరువు. మీరందరూ ఎక్కితే మీ బరువంతా అందులోంచి పోతుంది. ఇంకో మాట, ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే దిగుడులో బండి ట్రాలీని లాగదు, ట్రాలీయే బండిని తోస్తుంది."

ఐసక్కకు ఆ సంగతి తట్టనేలేదు. మెరక అంటే ఎక్కడమే ఆమె భయం. దిగడం కూడా ఉందని మరిది చెయ్యి పోయాక కూడా ఆలోచించలేదు. "మరి బ్రేకులున్న ట్రాలీ చెప్పు" అంది, పంతులమ్మ ముందు కూర్చున్న పిల్లలా.

ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుంటుండగా షోరూము అద్దం గోడ భళ్లున పగిలింది. ఇటుక ఒకటి దొర్లుకుంటూ వచ్చి తెల్లబండి చక్రం దగ్గర ఆగింది. పిల్లలు కెవ్వుమన్నారు. ఎగిరిన అద్దం పెంకు తగిలి సేల్స్ అమ్మాయి కనుబొమ చీలింది. బయట మోటారుసైకిలు మీద గొలుసు మనిషి.

"బండి బాగుందక్కా! పిల్లల్ని షికారు తిప్పు. వెనక ట్రాలీ తగిలించావో, ఈసారి ఇటుక ఇంటికొస్తుంది!"

వాడు వెళ్లిపోయాడు. ఐసక్క తన తువ్వాలు ఆ అమ్మాయి నుదుటికి అదిమింది. "నా మూలానే తల్లీ. ఇంక వద్దులే, మేం పోతాం."

ఆ అమ్మాయి తువ్వాలును తనే గట్టిగా అదిమి పట్టుకుంది. నెత్తురు కంట్లోకి దిగుతోంది. అయినా, "ట్రాలీ తగిలించే కొక్కెం మాత్రం కంపెనీదే వేయించుకో అక్కా. బయట చేయించింది ఊడిపోతుంది" అంది.

బండి ఇంటికి రాకముందే గొలుసు పంపినవాళ్లు ఇంటికొచ్చారు. ఇద్దరు మనుషులు ప్యాంటు పొడుగు తగ్గించాలంటూ దర్జీ దుకాణంలో దూరారు. ఒకడు ఆయన మెడ వంచి, కుడిచేతి చూపుడువేలిని మిషను సూది కింద పెట్టాడు. రెండోవాడు కాలితో తొక్కాడు. సూది గోరులోంచి దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగి, ఎముకకు తగిలి విరిగింది. పైన పిల్లలు చదువుకుంటున్నారని ఆయన కేక వెయ్యలేదు. పెదవి మాత్రం కొరుక్కున్నాడు.

ఐసక్క వచ్చేసరికి వేలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఆమె జరిగిందంతా విని, తల గోడకు ఆనించి, "వద్దులెండి. మన వల్ల కాదు" అంది. పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట వినడం ఆయనకు అదే మొదలు.

"బండి ఎప్పుడు తెస్తున్నావ్?" అన్నాడు ఆ సన్నటి గొంతుతోనే.

బండి వచ్చాక మొదటి సరుకుకు పిల్లల్ని ఆయన దగ్గరే ఉంచి, ఐసక్కే నడుపుతూ బయలుదేరింది. పక్కన మరిది. మధ్య సీట్లో చేతికర్రతో అత్తగారు. దిగమంటే దిగలేదు. "నా కొడుకు వేలు కుట్టినవాళ్ల మొహం నేనూ చూడాలి" అంది. ట్రాలీ నిండా దిమ్మలు, పైన రంపప్పొట్టు, గోనెపట్టాలు. మెరక మీద బండి ఒక్కసారి కూడా దగ్గకుండా ఎక్కింది. ఐసక్కకు ఏడుపొచ్చినంత పనైంది.

మెరక మీదే టెంపో అడ్డంగా పెట్టి ఉంది. గొలుసూ, నలుగురు మనుషులూ నిలబడి ఉన్నారు.

గొలుసు విసిరిన మొదటి దెబ్బకే ముందు అద్దం సాలెగూడైంది. రెండో దెబ్బకు పక్క అద్దం రాలింది. వాడు చెయ్యి లోపలికి పెట్టి ఐసక్క జుట్టు పట్టుకుని కిటికీలోంచే బయటికి గుంజాడు. అద్దం పెంకులు ఆమె మెడను గీరాయి. అవతలి తలుపు తీసుకుని దిగిన మరిది తలమీద ఎవడో రాడ్డుతో కొడితే వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. అత్తగారు తలుపు తెరిచి, దిగకుండానే, అందినవాడి ముక్కు మీద కర్ర ఆడించింది. ముక్కు పగిలింది. ఇంకొకడు వెనక ట్రాలీ కొక్కెం ఊడదీద్దామని గుద్దీ, తన్నీ, అది కదలక దాన్నే బూతులు తిడుతున్నాడు.

ఐసక్క రోడ్డు మీద వెల్లకిలా పడింది. గొలుసు ఆమె పొట్ట మీద కాలు వేసి చేతి గొలుసు పైకెత్తాడు. వాడు గుంజేటప్పుడే సీటు కిందున్న చిన్న గునపం ఆమె చేతిలోకి వచ్చి ఉంది. దిమ్మను చీల్చే పోటే పొడిచింది. అది వాడి తొడలో పిడిదాకా దిగింది. లాగేసరికి నెత్తురు బుస్సున చిమ్మింది.

వాడు కింద కూర్చుని తన కాలివైపు చూసుకున్నాడు, అది తనది కానట్టు. గొలుసు నెత్తురు చూశాక వాడి మనుషుల కాళ్లు ముందుకు రాలేదు. ఒకడు పరుగెత్తాడు. మిగతావాళ్లు వాడి వెనకే. టెంపో తాళాలు కూడా వాళ్లతోనే పోయాయి.

"పదవే. వాణ్ణి అక్కడే వదిలెయ్యి. ఎండకి వాడే కరుగుతాడు" అంది అత్తగారు.

ఐసక్క నిలబడి చూసింది. వదిలెయ్యాలనే ఉంది. వాడు చస్తుంటే చివరిదాకా నిలబడి చూడాలని కూడా ఉంది. తను జైలుకు పోతే పిల్లలేమవుతారనుకుందో, వెచ్చటి నెత్తురు అరికాలికి తగిలి ఒళ్లు జలదరించిందో ఆమెకే తెలియదు. వంగి వాడి చంకల్లో చేతులు వేసి, దిమ్మను ఎత్తినట్టు ఎత్తి మధ్య సీట్లో పడుకోబెట్టింది. మరిది తూలుతూ వచ్చి ముందు కూర్చున్నాడు. ఆమె బండిని చిన్న గేరులో వేసి, ముందు బంపరును టెంపో పక్కకు ఆనించి తొక్కింది. టెంపో టైర్లతో రోడ్డును గీరుకుంటూ, కీచుమంటూ అంచుదాకా జరిగి, పక్క కాలవలోకి ఒరిగిపోయింది.

ట్రాలీ విప్పే తీరిక లేదు. ఐసుతో సహా ఆసుపత్రివైపు దిగుడు దిగారు. అత్తగారు ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి, వాడి తొడ మీద పెట్టి, ఒళ్లు బరువంతా వేసి నొక్కింది.

"అమ్మా, చచ్చిపోతానా?" అని ఏడ్చాడు గొలుసు.

"చావకు. నువ్వు చస్తే మా కోడలు జైలుకి పోతుంది. నోర్మూసుకుని బతుకు."

వాడు బతికాడు. కాలు మాత్రం మళ్లీ వంగలేదు. పోలీసులు అడిగితే, జారి గునపం మీద పడ్డానని చెప్పాడు. ఆడదాని చేతిలో పోటు తిన్నానని చెప్పుకోవడం కన్నా వాడికి అదే నయమనిపించింది. ఐసక్కేమో, "కాదు, నేనే పొడిచాను" అంది. పొడిపించుకున్నవాడు లేదంటాడు, పొడిచినామె అవునంటుంది. అధికారి తల పట్టుకున్నాడు. ఆమెను కొన్నాళ్లు లోపల ఉంచారు. సేల్స్ అమ్మాయి కనుబొమ మీది మచ్చతో వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది. దర్జీ కట్టు విప్పి వేలు చూపించాడు. చివరికి ఆత్మరక్షణ అని ఒప్పుకున్నారు.

అంతటితో అంతా చల్లబడలేదు. ఆ నెలలోనే కూరగాయల మనిషి బండిని ఎవరో తగలబెట్టారు. మరిదికి ఇప్పటికీ ఎండలో తల తిరుగుతుంది. కానీ మార్కెట్లో ఒక్కరొక్కరే సొంత బండ్లు తెచ్చుకున్నారు. స్టాండులో టెంపోలు పలచబడ్డాయి. గొలుసు ఊరొదిలి వెళ్లాడని కొందరు, లేదు అల్లుడి ఇంట్లో ఉన్నాడని కొందరు అన్నారు. ఐసక్క ఆరా తియ్యలేదు.

ఓ సెలవురోజు ట్రాలీ లేకుండా ఏడుగురూ సముద్రం ఒడ్డుకు బయలుదేరారు. వెనక పిల్లల పాటలు, మధ్యలో అత్తగారి గురక. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎవరో కిటికీ అద్దం మీద టకటకా కొట్టారు. ఐసక్క చెయ్యి సీటు కిందున్న గునపం మీదికి పోయింది. తలుపు సగం తెరిచేసింది కూడా.

బయట ఓ ముసలాయన, చేతిలో సంచితో, రెండడుగులు వెనక్కి వేసి నిలబడిపోయాడు.

"అమ్మా, ఆ తాత దారి అడుగుతున్నాడంతే" అంది వెనక నుంచి పెద్దపిల్ల.

పాట ఆగిపోయింది. ఐసక్క మెల్లగా చెయ్యి పైకి తీసింది. ఆయన అడిగిన వీధి ఎక్కడో ఆమెకు తెలుసు. చెప్పబోయి, సగం తెరిచిన తలుపును ముందు మూసింది. చివరికి దర్జీయే కుట్ల మచ్చలున్న వేలు చాపి, "ఎడమకి తిరగండి బాబాయ్" అన్నాడు.