గణపతిరావు బాబాయి గారి రేడియో

మొన్న ఫోను బాగుచేయించుకుందామని మా భిలాయిలోనే ఉన్న ఖుర్సీపార్ వెళ్ళాను. దుకాణదారు టంకం వేస్తుంటే సన్నటి పొగ లేచింది. కాలిన గుగ్గిలం లాంటి ఆ వాసన తగలగానే గణపతిరావు బాబాయి గారు గుర్తొచ్చారు. ఆయన నాకు చుట్టం కాదు, వైశాలి నగర్‌లో మా పక్కింటాయన. స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్ళ మేడ మీది గదిలో ఎప్పుడూ ఆ వాసనే. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు మీద ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి ఆయనది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు.

నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళింది పోట్లాటకే. పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు నెలలు. హిందీ రాదు, వీధిలో ఎవరితోనూ మాట్లాడను. ఆయన యాంటెన్నా తీగ ఒక కొస మా పిట్టగోడకు కట్టి ఉండేది. గాలికి అది ఊడి, ఆరేసిన నా నేత చీర కొంగు చిరిగింది. చీర పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. ఆయన తప్పు తనదేనని ఒప్పుకున్నారు. వాళ్ళావిడ రత్నం గారు చీర తీసుకుని రఫ్ఫు చేయిస్తానన్నారు. అంతటితో వచ్చేసేదాన్నే, కానీ ఆయన తీగ ఎందుకు కట్టారో చూపిస్తానని మేడ మీదికి తీసుకెళ్ళారు. సెట్టు తిప్పితే గరగరల మధ్య ఎవరో అచ్చం మా నాన్న యాసలో వాన సంగతి చెబుతున్నారు. విజయనగరంలో ఉండే మాస్టారట. ఇరవై ఏళ్ళ స్నేహమట, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట. నాకు ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి వంటపని తెమలగానే వెళ్ళి వినడం అలవాటైంది.

ఇంటింటా ఫోన్లు ఉండగా ఇదంతా ఎందుకని మా ఆయన ఒకసారి అడిగారు. బాబాయి గారు నొచ్చుకోలేదు. "ఫోను ఎరిగున్నోళ్ళకి చేస్తాం బాబూ. ఇందులో ఎవులు పలుకుతారో తెలీదు," అన్నారు.

ఆ మరుసటేడు తుఫాను మా తీరాన్ని తాకింది. అమ్మ వాళ్ళ ఊరు సముద్రానికి దగ్గర. అక్కడి ఫోన్లు మూగబోయాయి. రెండు రోజులు టీవీలో కూలిన కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున బాబాయి గారు గోడ మీంచి పిలిచారు. విజయనగరం మాస్టారు బ్యాటరీ మీద సెట్టు నడుపుతున్నారనీ, ఆయన మిత్రుడొకరు మా ఊరి వైపు సహాయ శిబిరాలకు జీపులో ఇంకో సెట్టు పట్టుకెళ్ళారనీ చెప్పారు. నేను అమ్మ పేరు రాసిచ్చాను. ఖుర్సీపార్‌లో మన వైపు కుటుంబాలు చాలా ఉన్నాయనీ, వాళ్ళ వాళ్ళ పేర్లు కూడా తెమ్మనీ అన్నారు. అంతవరకు ఒంటరిగా ఆటో ఎక్కని దాన్ని, వచ్చీరాని హిందీతో దారి అడుక్కుంటూ దుకాణం దుకాణం తిరిగి రెండు కాగితాల నిండా పేర్లు రాసుకొచ్చాను.

ఆయన ఒక్కొక్క పేరూ, ఊరూ చదివేవారు. చదివిన ప్రతిసారీ కాసేపు ఆగేవారు. నాకు ఒళ్ళు మండింది. గబగబా చదివేయమన్నాను.

"మనకంటే కష్టంలో ఉన్నోడు పిలవాలంటే సందుండాల కదమ్మా," అన్నారు.

అలా ఆగినప్పుడే ఒక బలహీనమైన గొంతు వినిపించింది. జీపులో వెళ్ళినాయనే. ఆ శిబిరంలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి, రోడ్డు తెగిపోయింది. ఆయన పిలుపు దగ్గరున్న విజయనగరానికి అందడం లేదు, దూరాన ఉన్న మాకు అందుతోంది. రేడియో అలలతో ఒక్కోసారి అంతేనట. బాబాయి గారు మా కాగితాలు పక్కన పెట్టేశారు. ఆయన మాట మాస్టారికి, మాస్టారి మాట ఆయనకు చేరవేస్తూ గంటన్నర గడిపారు. అమ్మ పేరు ఇంకా రెండో కాగితంలోనే ఉంది. ఆ గంటన్నరా ఆయన మీద నాకు కలిగిన కోపం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పడవలో డాక్టరమ్మ చేరిందనీ, ఆడపిల్ల పుట్టిందనీ కబురు వచ్చాకే ఆయన మంచినీళ్ళు అడిగారు.

సాయంత్రానికి అమ్మ జవాబు వచ్చింది. బడిలో తలదాచుకుందట, బాగానే ఉందట. కూతురికి నడుంనొప్పి తగ్గిందో లేదో కనుక్కోమందట. ఆ మాటతో అది అమ్మేనని నమ్మకం కుదిరింది. మిగతా కబుర్లలో అన్నీ మంచివి కావు. ఇళ్ళు పోయినవాళ్ళున్నారు. అయినా ఎవరి కబురు వాళ్ళకు నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను. ఆ తరువాత భిలాయిలో నాకు తెలియని వీధి లేకుండా పోయింది.

లైసెన్సు పరీక్ష నేనూ రాశాను. మొదటిసారి తప్పాను, రెండోసారి పాసయ్యాను. ఆ రోజు ఆయన తన కుర్చీ నాకిచ్చి, తను స్టూలు మీద కూర్చున్నారు.

బాబాయి గారు పోయి మూడేళ్ళయింది. రత్నం గారు సెట్టు నాకే ఇచ్చారు. పొద్దున్నే సెట్టు మీద పలకరించేవాళ్ళు ఇప్పుడు నాకూ ఉన్నారు. వాళ్ళతోనే కాదు, ఎవరితో మాట్లాడినా ఎదుటివాళ్ళు ముగించాక కాసేపు ఆగడం నాకు అలవాటైపోయింది. అమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. రోజూ ఫోనులో అంతా బాగుందనే చెబుతుంది. మునుపైతే సరేనని పెట్టేసేదాన్ని. ఇప్పుడు పెట్టను. కొన్ని క్షణాలు అవతల ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తుంది. అప్పుడు అమ్మ గొంతు తగ్గించి, "మరేటంటే..." అని మొదలుపెడుతుంది.